పచ్చరసం తాగితే రక్తం పడుతుందా?

హనుమకొండలో భద్రకాళి బండ్ మీద పొద్దున్నే నడిచేవాళ్లలో చాలామంది నడక కాగానే నేరుగా ఇంటికి పోరు. బయట ఒక చిన్న టేబుల్ ముందు ఆగుతారు. టేబుల్ మీద ట్రేలు, ట్రేల నిండా జానెడు ఎత్తు పెరిగిన గోధుమ గడ్డి. పక్కన స్టీలు క్యాన్లలో కాకర, సొర, ఉసిరి, కలబంద, తిప్పతీగ రసాలు. అడిగినవాళ్లకు కత్తెరతో గుప్పెడు గడ్డి కోసి, చేత్తో తిప్పే మిషన్‌లో వేసి పిండిస్తారు. చిన్న గ్లాసులో అడుగున ముదురాకుపచ్చ రసం, పైన నురగ. మొదటిరోజు నేను మొహం చిట్లిస్తుంటే అమ్మే అతను నవ్వి, "ఇది పచ్చ రక్తం సార్. నెల రోజులు తాగున్రి, రెండు పాయింట్లు పెరుగుతది" అన్నాడు.

పాయింట్లంటే హిమోగ్లోబిన్. ఆ లెక్క మన దగ్గర అందరికీ తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటి చోట రెండు పాయింట్ల మాట ఊరికే పోదు. నేనూ ఒక చలికాలమంతా ఆ రసం తాగాను. ఆ తర్వాత ట్రేలు తెచ్చి డాబా మీద గడ్డి పెంచాను కూడా. ఈ రసాల చుట్టూ అల్లుకున్న మాటల్లో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది ఉత్తదన్నది విడదీయాలన్న పట్టుదల అప్పుడే మొదలైంది.

పచ్చ రక్తం అన్న మాట ఎక్కడిది?

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితాన్నీ, మన రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమ్‌నూ పక్కపక్కన గీసి చూస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నాలుగు చిన్న ఉంగరాలు కలిసి ఒక పెద్ద ఉంగరం, దాని నడుమ ఒక లోహపు అణువు. ఆకులో ఆ నడిమి చోటు మెగ్నీషియంది, రక్తంలో ఇనుముది. మొక్కల రంగు పదార్థాల మీద, ముఖ్యంగా పత్రహరితం మీద చేసిన పనికి రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. హీమిన్, పత్రహరితాల నిర్మాణం మీద పనిచేసినందుకు హాన్స్ ఫిషర్‌కు 1930లో వచ్చింది. పోలిక మాత్రం నిజమే.

చిక్కంతా ఆ తర్వాతి అడుగులోనే ఉంది. మెగ్నీషియం తీసేసి ఇనుము పెడితే పత్రహరితం రక్తమైపోతుంది కదా అని వాదిస్తారు. ఆ మార్పిడి చేసే ఏర్పాటు మన ఒంట్లో లేదు. తాగిన పత్రహరితంలో చాలా భాగం పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. శరీరం తనకు కావలసిన హీమ్‌ను మూలుగలోనూ కాలేయంలోనూ చిన్న చిన్న ముక్కల నుంచి తనే కట్టుకుంటుంది. దానికి బయటి నుంచి రావలసింది ఇనుము. పచ్చరంగుతో దానికి పని లేదు.

ఇంకో మాట కూడా వింటుంటాం, పత్రహరితం కడుపులో ఆక్సిజన్ పుట్టిస్తుందని. ఆకు ఆక్సిజన్ పుట్టించాలంటే వెలుగు కావాలి. కడుపులో ట్యూబ్‌లైట్ ఎవరు వేస్తారో నాకు తెలియదు. ఒంట్లో ఆమ్లం తగ్గించి రక్తాన్ని క్షారంగా మారుస్తుందన్నదీ ఇలాంటిదే. రక్తం పీహెచ్‌ను, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలతను, 7.35, 7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి. ఒక గ్లాసు రసానికి అది కదలదు, కదిలితే ఐసీయూలో చేరాల్సిందే.

ఇంతకీ గడ్డి తాగే అలవాటు మన తాతలనాటిది అనుకుంటాం కానీ, గోధుమ గడ్డి విషయంలో అది వచ్చింది అమెరికా నుంచి. 1930ల్లో కాన్సస్ ప్రాంతానికి చెందిన చార్లెస్ ష్నాబెల్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు కోళ్ల మేతలో లేత గడ్డి కలిపి, గుడ్లు పెరిగాయని చూసుకుని, అదే గడ్డిని ఎండబెట్టి పొడిచేసి మనుషులకు అమ్మించాడు. తర్వాత బోస్టన్‌లో ఆన్ విగ్‌మోర్ అనే ఆమె గడ్డి రసాన్ని ఒక ఉద్యమంలా నడిపింది. లిథువేనియాలో పుట్టి అమెరికా చేరిన మనిషి ఆమె. ఈ పద్ధతి పాటిస్తే చక్కెర జబ్బుకు ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుందన్నట్టు చెప్పినందుకు 1982లో మాసచుసెట్స్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆమె మీద దావా వేస్తే, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన వాట్సాప్ వీడియోల్లో తిరిగే మాటల్లో చాలావాటికి ఊరు బోస్టనే.

ఇంతకన్నా పెద్ద నిజం ఆకులోనే ఉంది

రక్తానికీ ఆకుకూ నిజంగా చుట్టరికం లేదా అంటే ఉంది. అది వేరే దారిలో ఉంది. దాని పేరు ఫోలేట్. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దీన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు. అంత కూర నుంచి వచ్చింది కాస్తంతే. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది లెడర్లీ కంపెనీ పరిశోధకులు, ఆ పరిశోధనకు పెద్దదిక్కు మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన మనిషి. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములు పోయారు, ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనిచేసే మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. మన రక్తకణాలు సరిగ్గా విడిపోయి పెరగడానికి ఫోలేట్ కావాలి. అది లేకపోతే కణాలు పెద్దవై, తక్కువై, ఒక రకం రక్తహీనత వస్తుంది. ఆకుపచ్చ రసంలో రక్తానికి పనికొచ్చే సరుకు ఏదైనా ఉందంటే, ముందు చెప్పుకోవాల్సింది దీన్నే.

పైగా ఫోలేట్ వేడికి పాడవుతుంది, ఉడికించిన నీళ్లలోకి జారిపోతుంది. విటమిన్ సి కూడా అంతే. పచ్చి రసం వైపు మాట్లాడేవాళ్ల వాదనలో బలమున్న ముక్క ఇదొక్కటే, నేను దాన్ని ఒప్పుకుంటాను.

ఇక ఇనుము లెక్క చూద్దాం. 100 గ్రాముల పాలకూరలో ఇనుము దాదాపు 3 మిల్లీగ్రాములు. ఆకుల్లోని ఇనుమును పేగు సరిగా పట్టుకోదు, అందులో ఒంటికి పట్టేది కొంచెమే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. పీహెచ్‌సీలో గర్భిణులకు ఇచ్చే మాత్ర ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. హిమోగ్లోబిన్ 8కి పడిపోయిన అమ్మాయికి రసం తాగిద్దామని మాత్ర ఆపడం అంటే, ట్యాంకర్ వాపస్ పంపి చెంబుతో నీళ్లు పట్టుకోవడమే. మా వాడకట్టులో ఇలా ఆపినవాళ్లను చూశాను. మాత్ర మింగితే మలం నల్లగా వస్తుంది, కడుపు బిగుస్తుంది, అందుకే రసం వైపు మొగ్గుతారు. ఆ ఇబ్బంది నిజమే, కానీ దానికి మందు ఆశా కార్యకర్తనో డాక్టర్‌నో అడిగి మాత్ర వేసుకునే వేళ మార్చుకోవడం.

రసం ఎట్లా తీస్తారు, ఎందుకట్లా తీస్తారు

డాబా మీద ట్రేలు చూసి మా అమ్మ అన్నది, "గడ్డి బర్లు తింటయి బిడ్డా, మనమెందుకు?" ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న అన్నింటికన్నా శాస్త్రీయమైన మాట అదే. బర్రె కడుపులో నాలుగు గదులు, మొదటి గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు. ఆకు కణానికి గోడ కట్టే సెల్యులోజును అవే విడగొడతాయి. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. పాలకూర, తోటకూర మెత్తవి కాబట్టి నమిలితే చాలు. గోధుమ గడ్డి మాత్రం ఎంత నమిలినా పీచు ముద్దయి నోట్లో మిగులుతుంది. అందుకే దాన్ని పిండాలి. కణాల గోడలు పగలగొట్టి లోపలి నీళ్లు, విటమిన్లు, మాంసకృత్తులు బయటికి లాగి, గోడలను పిప్పిగా వదిలేస్తాం. రసమంటే ఇంతే. బర్రె లోపల జరగాల్సిన పని మిషన్‌తో చేయించడం.

గడ్డి పెంచడం కష్టం కాదు, చిల్లర తలనొప్పులు మాత్రం చాలా. మన ప్రాంతం వరి, పత్తి, మక్కజొన్న, మిర్చి పండించేది. గోధుమలు కిరాణా కొట్టు నుంచే తెచ్చుకోవాలి. విత్తనాల దుకాణంలో కొనొద్దు, అక్కడి విత్తనాలకు బూజు మందు పట్టించి ఉంటుంది, గులాబీ రంగో ఎరుపో కనిపిస్తే అదే. కొట్టు గోధుమలు కొన్నిసార్లు మొలవవు, గోదాములో ఎన్నాళ్లున్నాయో ఎవరికి తెలుసు. ముందు పిడికెడు తడిపి చూసుకోవడం మంచిది. రాత్రంతా నానబెట్టి, తెల్లారి వడకట్టి, తడిగుడ్డలో మూటకట్టాలి. ముల్లు కనిపించాక కొబ్బరి పొట్టో మట్టీ పశువుల ఎరువూ కలిపిందో ట్రేలో పరిచి, దాని మీద గింజలు దగ్గర దగ్గరగా చల్లి, రెండు రోజులు నీడలో మూసి ఉంచాలి. తర్వాత వెలుతురు కావాలి, ఎండ అక్కర్లేదు. ఏడు నుంచి పది రోజుల్లో ఆరేడు అంగుళాలు పెరుగుతుంది. కణుపు వేసేలోపే కోసేయాలి. కణుపు పడితే పీచు పెరిగి రుచి చెడుతుంది.

అసలు శత్రువు బూజు. వానాకాలంలో గాలిలో తేమకు మూడోరోజే గింజల చుట్టూ తెల్లటి దూది కనిపిస్తుంది. వేర్ల చుట్టూ సన్నటి నూగు ఉంటే అది వేరుదే, నీళ్లు చల్లితే అణిగిపోతుంది. బూజు అణగదు, ముక్కిన వాసన వస్తుంది. అప్పుడు ట్రే మొత్తం పారేయాలి, పైపై కోసుకుంటే సరిపోదు. పిండేది పచ్చిగా, తాగేదీ పచ్చిగా. ఉడికించినప్పుడు చచ్చే క్రిములు ఇక్కడ చావవు. బయట తాగేటప్పుడు నేను చూసుకునేది కూడా ఇదే: గడ్డి అడుగున ఏముంది, ఏ నీళ్లతో కడుగుతున్నారు, గ్లాసులు ఒకే బకెట్‌లో ముంచి తీస్తున్నారా. గోధుమలోని జిగురు మాంసకృత్తి గ్లూటెన్ సంగతి కూడా ఒకటుంది. అది గింజలో ఉంటుంది, ఆకులో ఉండదు. అయినా గోధుమ పడనివాళ్లు దూరంగా ఉంటేనే మేలు, కోసేటప్పుడు మొలకెత్తిన గింజ ముక్కలు కలుస్తాయి.

మిషన్ లేకపోతే మిక్సీలో కాసిన్ని నీళ్లు పోసి తిప్పి, పలచటి గుడ్డలో పిండొచ్చు. మెల్లగా తిరిగి పిండే మిషన్ అయితే నురగ తక్కువ, రసం ఎక్కువ. మిక్సీ గాలిని కలిపి కొడుతుంది కాబట్టి విటమిన్ సి తొందరగా పాడవుతుంది. ఏ రకంగా తీసినా అప్పుడే తాగాలి. పొద్దున క్యాన్‌లో పోసిన రసం తొమ్మిదింటికి తాగితే డబ్బులు దండగ.

ఈ రసాన్ని ఒకసారి పొయ్యి మీద పెట్టి చూడండి. వేడెక్కగానే విరిగిన పాలలాగా పచ్చటి పెరుగు పైకి తేలుతుంది, అడుగున పసుపు రంగు నీళ్లు మిగులుతాయి. ఆ పెరుగు ఆకులోని మాంసకృత్తి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో ఎన్.డబ్ల్యూ. పిరీ దీన్నే తిండి కొరతకు మందుగా చూశాడు. పశువులకు వేసే ఆకుల నుంచి రసం పిండి, కాచి, ఆ పెరుగును మనుషుల తిండిలో కలపొచ్చని దశాబ్దాలు పనిచేశాడు. ఆకు రసంలో నిజంగా దాగిన సంపద అది. ఆ వాసన, ఆ పచ్చటి రంగు ఎవరికీ నచ్చక అది జనం కంచాల్లోకి అంతగా రాలేదు. ఎవరూ దాన్ని పచ్చ రక్తమని పిలవలేదు మరి.

రంగు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. రసంలో నిమ్మకాయ పిండి కాసేపు ఉంచితే పచ్చదనం చచ్చి ఖాకీ రంగుకు దిగుతుంది. ఆమ్లానికి పత్రహరితం నడుమనున్న మెగ్నీషియం జారిపోతుంది. పుంటికూర పొయ్యి మీద పెట్టగానే రంగు మారడం కూడా ఇదే, దాని పులుపు దానికే శత్రువు. రంగు మారినంత మాత్రాన ఆహారం చెడినట్టు కాదు. నిమ్మకాయ పిండితే ఇంకో లాభం కూడా ఉంది, ఆకులోని ఇనుమును పేగు పట్టుకోవడానికి ఆ విటమిన్ సి సాయపడుతుంది. టీ మాత్రం వెంటనే తాగితే దాన్ని అడ్డుకుంటుంది. మన బండ్ మీద రసం తాగి పక్కనే ఇరానీ చాయ్ కొట్టేవాళ్లు ఎక్కువ.

రోగాలు తగ్గుతాయా?

జవాబు చెప్పగలిగిన ప్రయోగాలు రెండు మూడే ఉన్నాయి. 2002లో ఇజ్రాయెల్‌లో పెద్దపేగు పుండ్ల జబ్బు ఉన్న 23 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 100 మిల్లీలీటర్ల గోధుమ గడ్డి రసం, కొందరికి దాన్ని పోలిన ఉత్త రసం నెల రోజులు ఇచ్చారు. గడ్డి రసం తాగినవాళ్లలో రక్తస్రావం, జబ్బు తీవ్రత తగ్గాయి. మంచి పద్ధతిలో చేసిన చిన్న ప్రయోగం. మనవాళ్లు ఎక్కువగా చెప్పే తలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) సంగతి చండీగఢ్‌లోని పీజీఐ ఆస్పత్రి నుంచి 2004లో వచ్చింది. 16 మంది పిల్లల్లో ఎనిమిది మందికి రక్తమెక్కించే అవసరం పావు వంతుకు పైగా తగ్గిందని రాశారు. అది తొలి పరిశీలన, పోల్చి చూడటానికి రసం తాగని జట్టు లేదు. ఆ తర్వాత వేరే పిల్లల మీద చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. యూట్యూబ్ మాత్రం మొదటి వార్త దగ్గరే ఆగిపోయింది. తలసీమియా పిల్లల ఒంట్లో ఇనుము తక్కువ ఉండదు, రక్తం ఎక్కించి ఎక్కించి ఎక్కువైపోతుంది, దాన్ని తీయడానికే మందులు వాడతారు. ములుగు, ఆదిలాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వారసత్వ రక్త జబ్బు ఉన్న కుటుంబాలకు కూడా ఈ రసాలు చేరుతున్నాయి. వాళ్లకు డాక్టర్లు రాసే మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఎలాగూ ఉంటుంది.

కాకర రసంతో చక్కెర కాస్త తగ్గినా తగ్గొచ్చు, కానీ మందుగా నమ్మడానికి తగిన ఆధారాలు లేవని, జరిగిన ప్రయోగాలన్నింటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2012లో తేల్చింది. చక్కెర మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటూ పరగడుపున కాకర తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. చెమటలు పట్టి, చేతులు వణికితే అదే గుర్తు.

ఎవరు ఆగాలి

మా మేనమామకు గుండెలో వాల్వ్ మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర. నెలనెలా పరీక్షలో, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే అంకె చూసి మాత్ర మోతాదు సరిచేస్తారు. ఒక నెల ఆ అంకె ఉన్నట్టుండి బాగా పడిపోయింది. మాత్ర మానలేదు, డోసు తప్పలేదు. డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే, ఇరవై రోజులుగా పాలకూర, కొత్తిమీర కలిపి గ్లాసుడు రసం తాగుతున్నానని చెప్పాడు. ఆకుల్లో విటమిన్ కె బోలెడు. రక్తం గడ్డకట్టడానికి అదే కావాలి, ఆ మాత్ర చేసే పనల్లా దాన్ని అడ్డుకోవడం. రసం ఒకవైపు లాగింది, మాత్ర ఇంకోవైపు. "ఆకుకూరలు మానేయమనలేదు మామా, రోజూ ఒకే లెక్కన తినమన్నరు" అని నేను అంటే, "నాకెవరు చెప్పిన్రురా" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి ఈ రకం మాత్రలు వాడేవాళ్లు ఆకు రసం మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు చెప్పాలి, ఆపే ముందు కూడా.

మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లది ఇంకో లెక్క. పాలకూర, గంగవాయిలి కూరల్లో ఆక్సలేట్ అనే లవణం చాలా ఎక్కువ, ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వే. ఉడికించి నీళ్లు వంపితే కొంత పోతుంది. పచ్చి రసంలో అంతా ఒంట్లోకే. గతంలో కడుపు ఆపరేషన్ అయిన 65 ఏళ్ల మహిళ పచ్చి ఆకు రసాలతో ఒళ్లు శుభ్రం చేసుకోబోయి మూత్రపిండాలు దెబ్బతీసుకున్న సంగతి 2018లో అమెరికా మూత్రపిండాల వైద్య పత్రికలో వచ్చింది. పాలకూర పప్పులో తిని, పెరుగన్నంతో ముగిస్తే పేగులోనే పెరుగులోని కాల్షియం చాలా ఆక్సలేట్‌ను పట్టేసుకుంటుంది. మన భోజనం వరుస పెట్టినవాళ్లకు ఇది తెలిసి పెట్టారని నేననను, కానీ కుదిరింది. రసమే కావాలంటే మెంతికూర, కొత్తిమీర మేలు.

సొరకాయ రసం గురించి మాత్రం ఒక్కమాట గట్టిగా చెప్పాలి. చేదుగా ఉన్న సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషాలు ఉంటాయి. 2010లో ఢిల్లీలో ఒకరు ఆ రసం తాగి చనిపోయాక ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ వేసింది. వాళ్ల సలహా చాలా సాదా: పిండేముందు ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడాలి, చేదుగా ఉంటే ఆ కాయ పారేయాలి. దీనికి విరుగుడు మందు లేదు. తాగాక వాంతులు, రక్తవిరేచనాలు మొదలైతే వెంటనే ఆస్పత్రికి పోవాలి. చేదును అల్లం, మిరియాలతో కప్పేసి తాగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తిప్పతీగది కరోనా కాలం కథ. రోగనిరోధక శక్తి పేరుతో ఊరూరా తాగారు. 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, మొక్కను సరిగ్గా గుర్తించలేదని అన్నది. తగవు తేలేదాకా కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఆ గ్లాసు పక్కన పెట్టడమే తెలివి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తాగొచ్చా? తాగొచ్చు, 30 మిల్లీలీటర్లు కూర ముక్క తిన్నంత. పిప్పితోపాటు పీచు పోయింది కాబట్టి అది కూర తిన్నంత కూడా కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన రోజువారీ కంచంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. ఆ లెక్క రసంతో నిండదు. పుంటికూర, తోటకూర, పొన్నగంటి, చింత చిగురు పప్పు వారంలో నాలుగు రోజులు తినే ఇంట్లో గడ్డి ట్రే లేకపోయినా లోటు ఉండదు. ఆకుకూర అంటేనే మొహం తిప్పుకునే పెద్దాయన రసం రూపంలో అయినా తాగుతున్నాడంటే, దాన్ని మాన్పించను.

మా డాబా ట్రేలు కార్తీకం నుంచి మాఘం దాకా బాగా వచ్చాయి. గోధుమకు చలి ఇష్టం. ఏప్రిల్‌లో ఎండ 40 దాటాక రెండుపూటలా నీళ్లు పెట్టినా ఆకు కొసలు మాడిపోయాయి. అమ్మ ఆ గడ్డి మొత్తం కోసి పక్కింటి కోళ్లకు వేసింది. అవి ఇష్టంగా తిన్నాయి. ష్నాబెల్ మొదలుపెట్టిన చోటికే మా గడ్డి చేరింది. గుడ్లు పెరిగాయో లేదో పక్కింటి పెద్దమ్మను అడగాలి.